కార్బన్‌డేల్ తర్వాతి ఊరు

ఓజెల్ పెటిగ్రూకు మాట అందించడానికి ఒక పద్ధతి ఉంది. డెల్ఫీన్ టేట్ ఆయన వేషాలు కట్టే నాటకాల హాల్లో ప్రాంప్టరుగా చేరిన మొదటి వారంలోనే ఆయన ఆమెను పక్కకు పిలిచి అది నేర్పాడు.

“చూడు తల్లీ. నేనొక మాట ఒకసారి అన్నానంటే అది నాటకం. రెండుసార్లు అన్నానంటే తర్వాతి మాట వెతుక్కుంటున్నానని. అప్పుడు నోరు మెదపకు. మూడోసారీ అదే అన్నానంటే ఇక దారి తప్పానని. అప్పుడు అందించు.”

“రెండోసారికే అందిస్తే ఏమవుతుందండీ?”

“ఏమవుతుందా? గాలానికి చేప తగులుతుంటే పక్కనుంచి రాయి విసిరినట్టవుతుంది.”

డెల్ఫీన్‌కు అప్పుడు ఇరవై నాలుగేళ్ళు. పగలు బడి గ్రంథాలయంలో పని, సాయంత్రాలు ఇక్కడ. నలుగురిలో మాట్లాడాలంటే గొంతు పెగలని మనిషి. చీకట్లో కూర్చుని ఇతరుల మాటలు గుసగుసగా అందించే పని తనకోసమే పుట్టిందనుకుంది. రెండేళ్ళు గడిచాయి. ఓజెల్‌కు ఆమె ఒక్క మాట కూడా అందించాల్సిన అవసరం రాలేదు. ఆయన రెండోసారి అనడం మాత్రం చాలాసార్లు విన్నది. ఆ రెండోసారి ఎప్పుడూ మొదటిసారి కన్నా బాగుండేది. జనం అదంతా రాసిపెట్టి ఉన్న నాటకమే అనుకునేవారు.

అది ఆయనకు బ్లూస్ పాట అంటించిన అలవాటు. ఆ పాటలో మొదటి పాదం పాడతారు, అదే పాదం మళ్ళీ పాడతారు, మూడో పాదంతో ముడి విప్పుతారు. అప్పటికప్పుడు కట్టే పాట కనక, రెండోసారి పాడే వ్యవధిలోనే మూడోది పుట్టాలి. “మొదటిది జనానికి, రెండోది నాకు, మూడోది దేవుడిస్తే వస్తుంది” అనేవాడు ఓజెల్. నాటకంలో సంభాషణలు కూడా ఆయన అలాగే కంఠస్థం చేసేవాడు. కాలితో తాళం వేస్తూ, ప్రతి మాటనూ రెండుసార్లు సన్నగా పాడుకుంటూ.

మెంఫిస్‌లో నల్లవాళ్ళుండే ఆరెంజ్ మౌండ్ పేట మొత్తానికి ఓజెల్ తెలుసు. అయితే ఒక్కొక్కరికి ఒక్కో ఓజెల్ తెలుసు. మిసిసిపీ పత్తి చేలలో పుట్టి, పద్నాలుగో ఏట కడుపునొప్పి మందు అమ్మే గుడారం కంపెనీలో చేరిన ఓజెల్ సంగతి ముసలివాళ్ళకు మాత్రమే తెలుసు. మందు అమ్ముడుపోవాలంటే జనం ఆగాలి, జనం ఆగాలంటే ఆటా పాటా ఉండాలి. అక్కడాయన గిటారు వాయించాడు, మౌతార్గాన్ ఊదాడు, గయ్యాళి ముసలమ్మ వేషం కట్టాడు, ఆ ముసలమ్మ గౌను తనే కుట్టుకున్నాడు. యుద్ధానికి వెళ్ళొచ్చాక మెంఫిస్‌లో దిగాడు. శనివారాలు బ్లూస్, మిగిలిన సాయంత్రాలు నాటకాలు, పగలు టోపీలు. టోపీలను ఆవిరి పట్టి, చెక్క తలల మీద బిగించి, కొత్తవాటిలా చేసే దుకాణంలో ముప్పై ఆరేళ్ళుగా పని. డెబ్బై మూడేళ్ళు వచ్చినా వారానికి మూడు రోజులు ఇంకా వెళుతున్నాడు. పేటలో ఆడవాళ్ళు ఆదివారం చర్చికి పెట్టుకెళ్ళే టోపీల్లో ఆయన చెయ్యి పడనిది లేదు.

ఒకసారి, అరవైల్లో, ఆయన్ను మరో నలుగురు బ్లూస్ వాళ్ళతో కలిపి డెన్మార్క్ తీసుకెళ్ళారు. పెద్ద పెద్ద హాళ్ళు. లేచి నిలబడి చప్పట్లు. ఇంకో ఏడాది ఉండమన్నారు. ఈయన మూడు నెలలకే తిరిగొచ్చేశాడు.

“మంచివాళ్ళే పాపం” అని చెప్పాడు డెల్ఫీన్‌తో. “కానీ పాట అయ్యేదాకా శవం దగ్గర కూర్చున్నట్టు కూర్చుంటారు. మన దగ్గరైతే మొదటి పాదం సగంలో ఉండగానే ఎవరో ఒకరు ‘చెప్పు నాయనా!’ అంటారు. చెప్పమన్నాక చెప్పకుండా ఎలా ఉంటాం? అక్కడ ఎవరూ చెప్పమనలేదు. ఊరికే చెప్పుకుంటూ పోయాను.”

డెల్ఫీన్ తన కళ్ళతో చూసినది మరొకటి ఉంది. ఆమె చేరిన మొదటి చలికాలంలో మంచు తుఫాను పట్టుకుంది. దారులన్నీ గాజు పలకల్లా గడ్డకట్టాయి. ముగ్గురు నటులు రాలేకపోయారు. జనం మాత్రం ఎలాగో నడిచి వచ్చేశారు. ఆ రోజు ఓజెల్ తన వేషంతో పాటు పాస్టరు వేషం కట్టాడు, పాస్టరు భార్య వేషమూ కట్టాడు, మధ్య మధ్య తెర వెనక్కి వెళ్ళి పియానో వాయించాడు. చర్చి పైకప్పు ఎవరి ఖర్చుతో వేయించాలన్న విషయం మీద ఆ ముగ్గురూ కొట్లాడుకునే రంగం ఒకటుంది. ఒక్క మనిషి తనతో తాను మూడు గొంతులతో కొట్లాడుకుంటుంటే హాలు మూడు వర్గాలుగా చీలిపోయి అరిచింది. రంగస్థలం పక్కన వింగు చాటున కూర్చున్న డెల్ఫీన్‌కు పుస్తకంలో పేజీ తిప్పాలన్న సంగతి కూడా గుర్తులేదు. ఒక మనిషిలో ఇంతమంది ఎలా పడతారు అనుకుంది.

తొంభై ఒకటి వసంతంలో వేసిన నాటకంలో ఆయనది రైలు పోర్టరు వేషం. నలభై ఏళ్ళు పడక బోగీలో పక్కలు వేసి, దిగే ఊళ్ళు పిలిచిన పోర్టరుకు ఆఖరి ప్రయాణం. చివరి పది నిమిషాలు రంగస్థలం మీద ఇంకెవరూ ఉండరు. మెంఫిస్ నుంచి షికాగో దాకా ఒక్కో స్టేషను పేరూ పిలుస్తూ, ఆ స్టేషన్లో ఎప్పుడో దిగిన ఒక్కో మనిషినీ తలుచుకుంటాడు. స్టేషనుకూ స్టేషనుకూ మధ్య మౌతార్గాన్‌తో రైలు నడిపిస్తాడు. కూత, చక్రాల చప్పుడు, వంతెన మీది మోత, అన్నీ అందులోనే.

దర్శకుడు రోలండ్ మేబెర్రీ. ఆ రైలు దారిలోనే ఉన్న షాంపేన్ అనే ఊరి నుంచి వచ్చినవాడు, ముప్పై మూడేళ్ళు, నాటకం చదువుకున్నవాడు. మర్యాదస్తుడే కానీ రాసింది రాసినట్టు పలకాలంటాడు.

“ఓజెల్ గారూ, కోవింగ్టన్ అని స్క్రిప్టులో ఒక్కసారే ఉందండీ.”

“ఉంది బాబూ. రెండోది నా తరఫున.”

రిహార్సళ్ళు సాగేకొద్దీ డెల్ఫీన్ ఒకటి గమనించింది. ఆ రెండోసారి మునుపటిలా లేదు. పలికాక కాస్త నిలిచిపోతోంది, మెట్టు ఉందో లేదోనని చీకట్లో కాలు చాపినట్టు. ఎవరితోనూ అనలేదు. శుక్రవారం మొదటి ఆట. చివరి పది నిమిషాల్లో కార్బన్‌డేల్ అని పిలిచాడు ఓజెల్. మళ్ళీ కార్బన్‌డేల్ అన్నాడు. మౌతార్గాన్ పెదాలకు ఆనించుకుని, ఊదకుండా దించి, మూడోసారి అన్నాడు.

“సెంట్రేలియా” అని అందించింది డెల్ఫీన్. రెండేళ్ళలో మొదటిసారి. తన గొంతు తనకే ఏదో తప్పు చేసినట్టు వినిపించింది.

ఆయన అందుకుని నడిపించేశాడు. జనంలో సగం మందికి తెలియలేదు. మేబెర్రీకి తెలిసింది. ఆట అవగానే ఇద్దరినీ కూర్చోబెట్టాడు.

“చెప్పడానికి నాకూ కష్టంగానే ఉందండీ. ఆదివారం ఆట చూస్తాను. మళ్ళీ ఇలా జరిగితే వచ్చే శుక్రవారం నుంచి ఆ వేషం హార్లన్ కడతాడు. అతనికి మాటలన్నీ వచ్చు.” తర్వాత డెల్ఫీన్ వైపు తిరిగాడు. “స్క్రిప్టులో లేని మాట ఎవరు అన్నా, ఆట అయ్యాక మీరిచ్చే రిపోర్టులో రాయాలి. ఎవరినీ కాపాడొద్దు.”

డెల్ఫీన్ తలూపింది. ఓజెల్ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుని దాని అంచు సవరిస్తున్నాడు. “పోర్టరు వేషం పోతే మళ్ళీ వేషం రాదు తల్లీ” అన్నాడు మేబెర్రీ వెళ్ళాక. “మర్చిపోతాడట అన్న మాట బయటికొచ్చాక ముసలాణ్ణి ఎవరూ పిలవరు.” పైకి మామూలుగానే అన్నాడు. అంచు సవరించడం మాత్రం ఆపలేదు.

శనివారం పొద్దున్నే డెల్ఫీన్ స్క్రిప్టు పట్టుకుని టోపీల దుకాణానికి వెళ్ళింది. కెటిల్లోంచి ఆవిరి, చెక్క తలల వరస, తడిసిన ఉన్ని వాసన. ఓజెల్ పని చేస్తూనే స్టేషన్లు చెబుతున్నాడు, ఆమె సరిచూస్తోంది. అంతలో తలుపు గంట మోగి ఆర్లీతా బుకర్ లోపలికొచ్చింది. ఎనభై ఏళ్ళది. చర్చిలో ముందు వరస ఆవిడది.

“ఒరే ఓజెల్, నా టోపీ బతికుందా?”

“బతకడమేంటక్కా, నీకన్నా పడుచుగా ఉంది.”

“నీ నోరు మండ. ఏదీ, చూపించు.”

లేత ఊదారంగు టోపీ. పక్కన పొడుగాటి ఈక. ఆర్లీతా దాన్ని గిరగిరా తిప్పి చూసి, ఏ లోపమూ దొరక్క విసుక్కుంది. “రేపు చర్చి నుంచి తిన్నగా నీ ఆటకే వస్తున్నాం. నాలుగు కార్లు.”

“టోపీలు తీసి కూర్చోండమ్మా, వెనకాల వాళ్ళకు కనబడద్దూ?”

“కనబడకపోతే వాళ్ళనే పెందలాడే వచ్చి ముందు కూర్చోమను. ఇంతకీ దేని మీద ఆట?”

“షికాగో రైలు మీద.”

“ఆ రైలు గురించి నువ్వా నాకు చెప్పేది? నువ్వు నీ మంచం ఎక్కినన్నిసార్లు నేను ఆ రైలెక్కాను. ఏటా ఆగస్టులో సెంట్రేలియా, మా చెల్లెలింటికి. చెప్పుల పెట్టెలో వేయించిన కోడి, ఉడకబెట్టిన గుడ్లు. కేరో దాటేదాకా మా అమ్మ ఆ పెట్టె ముట్టుకోనిచ్చేది కాదు. అక్కడ నల్లవాళ్ళ బోగీ అన్న బోర్డు పీకేసేవాళ్ళు, ఆపైన ఎవరైనా ఎక్కడైనా కూర్చోవచ్చు. బోర్డు పీకేశాక తిందాం, అప్పుడే రుచి అనేది.” టోపీ పెట్టుకుని అద్దంలో చూసుకుంది. “దిగేసరికి గౌను నిండా నూనె. మా చెల్లెలు అక్కడే, అందరి ముందూ తిట్టేది.”

ఆవిడ వెళ్ళాక ఓజెల్ మళ్ళీ మొదలుపెట్టాడు. కోవింగ్టన్, డయర్స్‌బర్గ్, ఫుల్టన్, కేరో, కార్బన్‌డేల్. ఆగాడు. కాలు తాళం వేస్తూనే ఉంది. కార్బన్‌డేల్.

“సెంట్రేలియా అండీ” అంది డెల్ఫీన్ మెల్లగా. “ఇప్పుడేగా ఆవిడ అన్నది.”

“అన్నదా?”

కెటిల్ బుసబుసమంటోంది. డెల్ఫీన్ ముందురోజు నుంచీ అనుకుంటున్న మాట అనేసింది. “రేపు రెండోసారికే అందిస్తాను. ఎవరికీ వినబడదు. మేబెర్రీ గారికి అసలు తెలియదు.”

“మూడోసారికే. మనం అనుకున్న మాట అది.”

“నేను రిపోర్టు రాయాలి కదండీ.”

“రాయి. ఉన్నదున్నట్టు రాయి. లేనిది రాస్తే నీ చెయ్యి వణుకుతుంది. ఆ చేత్తోనే రేపు పుస్తకం పట్టుకోవాలి నువ్వు.” ఆయన ఒక చెక్క తల తీసి తుడిచి పక్కన పెట్టాడు. “నాకు భయం లేదని కాదు తల్లీ. భయం ఉంది కనకనే రూలు ఉండాలి.”

ఆదివారం మూడు గంటలకు హాలు నిండింది. అది ఒకప్పుడు టైర్ల గోడౌను. పగలు పై కిటికీల్లోంచి ఎంత తెర కట్టినా కాస్త వెలుతురు పడుతుంది. ఆ వెలుతుర్లో టోపీలే టోపీలు. పసుపు, తెలుపు, గులాబీ, అంచుల వెడల్పు చూస్తే ఒకదాని నీడలో ఒకటి కాపురం చేయొచ్చు. ముందు వరస మధ్యలో ఊదారంగు టోపీ. ఎవరూ టోపీ తీయలేదు. వెనక వరసవాళ్ళు మెడలు సాచి సణుక్కుంటున్నారు. మేబెర్రీ అందరికన్నా వెనక, గోడకానుకుని చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

డెల్ఫీన్ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని వింగులో కూర్చుంది. మొదటి అంకం బాగా నడిచింది. రెండోదీ నడిచింది. తర్వాత అందరూ తప్పుకున్నారు. పోర్టరు కోటులో ఓజెల్ ఒక్కడూ మిగిలాడు.

మౌతార్గాన్ ఎత్తాడు. రైలు కదిలింది. డెల్ఫీన్ ఎన్నోసార్లు విన్న రైలే, అయినా ఆమె కాలు తాళం వేసింది. కోవింగ్టన్ అని పిలిచి, అక్కడ దిగిన పెళ్ళికూతురి గురించి చెప్పాడు. హాల్లో ఎవరో “చెప్పవయ్యా” అన్నారు. ఫుల్టన్ దాటింది. కేరో వచ్చింది. బోర్డు పీకేస్తారని చెప్పగానే ముందు వరసలో ఎవరో విసనకర్రతో మోకాలి మీద గట్టిగా కొట్టుకున్నారు. రైలు ఇంకా ముందుకెళ్ళింది.

“కార్బన్‌డేల్!”

డెల్ఫీన్ పుస్తకంలో తర్వాతి మాట మీద వేలు పెట్టింది.

“కార్బన్‌డేల్” అన్నాడు మళ్ళీ. మౌతార్గాన్ ఊదాడు. కొంచెం సేపు. తర్వాత ఇంకొంచెం సేపు. రైలు ఒకే చోట తిరుగుతున్నట్టు ఆమెకు అర్థమైంది. ఆయన కళ్ళు ముందున్న చీకట్లో ఎటో వెతుకుతున్నాయి. వెనక గోడ దగ్గర మేబెర్రీ కట్టుకున్న చేతులు విప్పాడు.

“కార్బన్‌డేల్” అన్నాడు ఓజెల్ మూడోసారి.

అందించాలి. డెల్ఫీన్ ముందుకు వంగి నోరు తెరిచింది. అదే క్షణంలో ఓజెల్ చెయ్యి ఆయన వీపు వెనక్కి వచ్చి, అరచెయ్యి ఆమెవైపు తెరుచుకుంది. ఆగు. రూలు పెట్టినవాడే రూలు ఆపాడు. ఆమె నోట్లో సెంట్రేలియా అలాగే ఉండిపోయింది.

ఆయన మెల్లగా రంగస్థలం అంచుదాకా నడిచాడు. పోర్టరు టోపీ తీశాడు. ఊదారంగు టోపీ ముందు వంగాడు.

“అమ్మగారూ, ఆ చెప్పుల పెట్టె మూసేయండి. ఒళ్ళో పడ్డ ముక్కలు దులుపుకోండి. గౌనుకు అంటిన నూనె సంగతి మీ చెల్లెలు చూసుకుంటుంది. మీరు దిగే ఊరొచ్చింది. ఏ ఊరో గట్టిగా చెప్పారంటే బండి ఆపిస్తాను.”

ఊదారంగు ఈక కదిలింది. ఆర్లీతా బుకర్ కుర్చీ చేతులు పట్టుకుని లేచి నిలబడింది.

“సెంట్రేలియా! ఈసారన్నా నా బట్టల పెట్టె మెల్లగా దింపరా అబ్బాయ్!”

నవ్వు హాలంతా పాకింది. ఆ నవ్వు మీదుగా ఓజెల్ గొంతు లేచింది. “సెంట్రేలియా!” డెల్ఫీన్ ఆ గొంతును అంతకుముందు వినలేదు. మందు గుడారం ముందు జనాన్ని ఆపిన గొంతు అదే అయ్యుండాలి. మౌతార్గాన్ కూతవేసింది, రైలు కదిలింది. ఆ తర్వాత ఆయన ఏ స్టేషనూ ఒంటరిగా పిలవలేదు. పసుపు టోపీ వైపు తిరిగి చెయ్యి చాపాడు. “ఎఫింగ్‌హామ్!” అంది పసుపు టోపీ, ఎన్నేళ్ళుగానో ఎవరో అడుగుతారని కాచుకున్నట్టు. మటూన్ అని ఇద్దరు ఒకేసారి అన్నారు. ఒక్కో పేరుకూ ఆయన స్క్రిప్టులో ఉన్న మనిషినే దింపాడు. ఒక్క మాట పొల్లుపోలేదు. పుస్తకంలో వేలుపెట్టి వెంట నడుస్తున్న డెల్ఫీన్‌కు అది తెలుస్తోంది. ఆయనకు కావలసింది ఒక్క తలుపు తెరుచుకోవడమే. మిగతా గదులన్నీ ఉన్నచోటే ఉన్నాయి.

“షాంపేన్!” అని వెనక గోడ దగ్గర నుంచి ఒక గొంతు వచ్చింది. డెల్ఫీన్ ఆ గొంతు గుర్తుపట్టింది.

కాంకకీ. షికాగో అని హాలు మొత్తం అరిచింది. ఆ అరుపు తగ్గేదాకా ఓజెల్ ఆగాడు. చివరి కూత చాలా సన్నగా, దూరంగా పోయినట్టు ఊదాడు. నాటకంలో ఆఖరి మాట ఒక్కడే అన్నాడు, ఒక్కసారే అన్నాడు.

“బోగీ ఖాళీ. అందరూ చేరారు.”

చప్పట్లు మోగుతుంటే డెల్ఫీన్ చెంపలు తడుముకుంది. ఎప్పుడు తడిశాయో తెలియదు. తర్వాత రిపోర్టు తీసి ఉన్నదున్నట్టు రాసింది. ‘కార్బన్‌డేల్ దగ్గర ఆగారు. మూడుసార్లు అన్నారు. నేను అందించలేదు.’

మేబెర్రీ వచ్చి నిలబడి చదివాడు. “అంతేనా?”

“ఇంకా ఉందండీ.” ఆమె కలం మళ్ళీ తీసింది. “స్క్రిప్టులో లేని మాట ఎవరు అన్నా రాయమన్నారు కదా. ఆర్లీతా గారి పేరు రాస్తాను. పసుపు టోపీ ఆవిడ పేరు కనుక్కోవాలి. వెనకనుంచి షాంపేన్ అన్నది ఎవరని రాయమంటారు?”

మేబెర్రీ మెడ నిమురుకున్నాడు. “మా అమ్మమ్మ దిగింది అక్కడే” అన్నాడు. “ఆయన చెయ్యి చాపితే నోట్లోంచి వచ్చేసింది.” రిపోర్టు వైపు మళ్ళీ చూసి, “సరే. కానీ శుక్రవారం వచ్చేవాళ్ళు చెప్పకపోతే?”

“మూడోసారికి నేనున్నాను కదండీ.”

అతను ఆమెను కొత్తగా చూసినట్టు చూశాడు. “హార్లన్‌కు ఫోన్ చేసి వద్దని చెబుతాను” అని వెళ్ళిపోయాడు.

డెల్ఫీన్ మేకప్ గదిలోకి వెళ్ళేసరికి ఓజెల్ ఇంకా పోర్టరు కోటులోనే ఉన్నాడు. టీ కెటిల్ పెట్టుకుని దాని ఆవిరి మీద ఊదారంగు టోపీ తిప్పుతున్నాడు. ఆర్లీతా లేచి అరిచినప్పుడు అది ఊడి పక్కవాళ్ళ కాళ్ళ కింద పడిందట. ఆవిడ కుర్చీలో కూర్చుని కాపలా కాస్తోంది.

“శుక్రవారం మీరేనట” అంది డెల్ఫీన్.

ఆయన చేతులు ఒక్క క్షణం ఆగాయి. తర్వాత మళ్ళీ టోపీ తిప్పసాగాయి.

“నిజంగానే మర్చిపోయారా?” అడిగింది, కొంచెం దగ్గరగా జరిగి.

“మర్చిపోయాను తల్లీ. పలక తుడిచినట్టు పోయింది. ఇటు చూస్తే ఈ టోపీ కనిపించింది. ఇరవై రెండున్నర అంగుళాల తల. కోడి, గుడ్లు, గౌనుకు నూనె, చెల్లెలి తిట్లు. అన్నీ గుర్తొచ్చాయి, ఊరు తప్ప.” నవ్వాడు. “ఊరి పేరు పోయింది కానీ, ఎవరినడగాలో పోలేదు.”

“కబుర్లు తర్వాతరా, ఆ ఈక వంకరగా ఉంది” అంది ఆర్లీతా.

“అంత ఎగిరెగిరి అరవమన్నదెవరక్కా నిన్ను? ఒక్కసారి అడిగాను, మెల్లగా చెప్తే సరిపోయేది.”

“ఒక్కసారా? కార్బన్‌డేల్, కార్బన్‌డేల్ అని మూడుసార్లు వాయించావు. రెండోసారికే చెబుదామనుకున్నాను” అంది ఆర్లీతా. “వెతుక్కుంటున్నావులే అని ఊరుకున్నాను.”

ఓజెల్ టోపీ దించి, ఆవిడ వైపు చూశాడు. తర్వాత ఈక సరిచేయడానికి చాలాసేపు తలొంచుకునే ఉండిపోయాడు.